కాశింబి తెరిపించిన నోళ్లు

శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున ఎనిమిదిన్నర గంటలు. మా ఇంట్లో గడియారం లేదు. నందికొట్కూరు బస్సు ఊరి మలుపులో హారన్ కొట్టి పోయిన వెంటనే జరిగింది కాబట్టి గంట చెప్పగలుగుతున్నాను. కర్నూలు రాజధానిగా ఉండిన ఆ మూడేండ్లలో అదొక ఏడు. నాకప్పుడు తొమ్మిదేండ్లు.

ఇప్పుడెందుకు ఈ మాటంటే, మొన్న మా మనవడి చొక్కా ఉతకబోతే జేబులో పొగాకు పొట్లం దొరికింది. మీద పుచ్చిన నోటి బొమ్మ, కింద అక్షరాలు. నలభై దాటినాక బలపం పట్టినదాన్ని, కూడబలుక్కుని చదివినాను. చింపి మూతి దగ్గర పెట్టుకుంటే ఘాటు వాసన ముక్కులో పొడిచింది. ఆ వాసనలో మా జేజి ఒడి ఉంది, ఆమె కొంగు ముడి ఉంది, చివరి నెలల్లో ఆమె పక్క మీది చీము వాసన కూడా ఉంది. వాడు రాగానే చెంప మీద ఒకటిచ్చినాను. "బొమ్మ అన్ని పొట్లాల మీదా ఉంటుంది జేజీ, ఎవరు చూస్తారు?" అన్నాడు. అది మాత్రం నిజమే చెప్పినాడు.

మాది నల్లరేగడి ఊరు. తొలకరి పడితే మన్ను కాళ్లకు చెప్పుల్లా అంటుకునేది, ఎండాకాలం వస్తే పిల్లకాయ కాలు దిగబడేంత నెరియలు విచ్చేది. కొర్ర, జొన్న, పత్తి వేసేవాళ్లం. ఇంటి వెనక నాలుగు సాళ్లు నాటు పొగాకు ఇంటి వాడకానికి. ఉగాదికి ఓళిగలు, పీర్ల పండక్కి దూదేకుల ఇండ్ల నుంచి ఆకులో వచ్చే మలీద, మిగతా దినాలన్నీ జొన్నరొట్టె, చెనిగ్గింజల ఊరిమిండి పచ్చడి. మధ్యాహ్నాలు అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి చింతపిక్కలతో బారాకట్ట ఆడేవాళ్లం, ఓడినవాళ్ల వీపు మీద గెలిచినవాళ్లు గుద్దేవాళ్లు. మా ఊర్లో ప్రేమైనా కోపమైనా చేతితోనే చెప్పేవాళ్లు. మా నాయన మా అమ్మను కొట్టేవాడు, మా అమ్మ నన్ను కొట్టేది, నేను మేకపిల్లను కొట్టేదాన్ని.

కలుపు తీసే కాలంలో ఆడోళ్లు బారుగా వంగి నడిచేవాళ్లు. బారుకు ముందు పుల్లమ్మ. మా పక్కింటామె, గట్టి మనిషి. ఎండ నెత్తికెక్కే వేళకు పుల్లమ్మ కొంగు ముడి విప్పి, అరచేతిలో పొగాకు, సున్నం నలిపి, బారు పొడుగునా ఒక్కొక్కరికి చిటికెడు పెట్టేది. పెద్దలకూ పిల్లలకూ అదే చిటికెడు. "మింగొద్దు పాపా, దవడకు పెట్టుకో. ఆకలి సస్తాది," అనేది. నిజంగానే ఆకలి చచ్చేది. వద్దన్నవాళ్లను "దొరసానమ్మ వచ్చిందే, పల్లకీ తెప్పించండి" అని దినమంతా ఆడిపోసుకునేవాళ్లు. నేను ఏడేండ్లప్పుడే దవడకు పెట్టుకున్నాను. మొదటి దినం వాంతి చేసుకుంటే బారంతా నవ్వింది. నెల తిరిగేసరికి అది లేనిదే చెయ్యి ఆడేది కాదు.

మా నాయన తల్లి, మా జేజి నాగమ్మ, నిద్రలో కూడా పొగాకు తీసేది కాదు. ఎడమ దవడ ఎప్పుడూ ఉబ్బి ఉండేది, ముఖమే అట్లా అనుకునేదాన్ని. ఆ ఏడు ఉగాదికి ఓళిగ నమలలేక పక్కన పెట్టింది. నోట్లో పుండు లేచింది. నొప్పి తెలియకుండా పుండు మీదనే ఇంకా ఇంత పొగాకు అదిమి పెట్టుకునేది. పెట్టినంతసేపు మొద్దుబారి హాయిగా ఉంటుందని, పొగాకే దానికి మందని ఆమె నమ్మింది, మేమూ నమ్మినాము. కారం తగిలిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు. రాచపుండు అనే మాట మాత్రం ఎవరూ పలకలేదు. పలికితే ఇంట్లోకి పిలిచినట్టు.

ఆ ఎండాకాలంలోనే ఆరోగ్య శాఖ నుంచి ఒకాయన వచ్చి చావిడి గోడకు పటం తగిలించి, పొగాకు సేవించుట వలన నోటియందు వ్రణములు సంభవించునని చదివిపోయినాడు. చావిడి దగ్గరికి ఆడోళ్లు పోరు. పోయిన మగోళ్లకు ఆ భాష తెలియదు. పటంలో చీలిన దవడ చూసి మా చిన్నాయన ఓబులేసు, "ఎలుగ్గొడ్డు పీకినట్టుండాదే, ఈ మనిషి అడివిలోకి యాల పోయినాడప్పా?" అన్నాడు. అంతా నవ్వినారు. పిల్లకాయలు ఆ బొమ్మ నోటికి గురిపెట్టి మట్టిబెడ్డలు విసిరినారు. నేనూ విసిరినాను. ఆయన చిరిగిన పటం చుట్టుకుని, చొక్కా మీది మన్ను దులుపుకుని పోయినాడు.

చిన్నాయన ఎద్దులకు వాతలు పెట్టేవాడు. జబ్బవాపు వస్తే నాలుగూర్ల నుంచి ఎద్దులను మా వాకిట్లోకి తోలుకొచ్చేవాళ్లు. జేజి పుండు మానలేదు. పొగాకు మానుకుందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. "ఎద్దుకు పనిచేసింది మనిషికి చేయదా?" అన్నాడు చిన్నాయన. శుక్రవారం మంచిదన్నారు. మా నాయన పొద్దున్నే ఎద్దులను తోలుకుని చేనికి పోయినాడు. తన తల్లి అరుపులు వినలేకనే పోయినాడని పెద్దయినాక అర్థమైంది.

నడిమింట్లో జేజిని చాప మీద పడుకోబెట్టినారు. కుడిచెయ్యి పుల్లమ్మ పట్టుకుంది, ఎడమచెయ్యి ఎదురింటి సుంకమ్మ. కాళ్లు మా అమ్మా నేనూ. పండ్ల మధ్య రోకలి ముక్క అడ్డం పెట్టినారు. చిన్నాయన పిడకల నిప్పులోంచి ఇనుప కమ్మి తీసినాడు, కొన ఎర్రగా ఉంది. "గట్టిగా పట్టుకోండి మే. కాలు ఇడిస్తే నీకూ ఒకటి పెడ్తా పిల్లా," అన్నాడు నాతో.

కమ్మి నోట్లోకి పోయింది. చుయ్యిమన్న ఆ చప్పుడు, మాంసం కాలిన ఆ కమురు, నా చేతుల్లో జేజి కాలు గొంతు కోసిన కోడిలా తన్నుకోవడం. అరిచిందని చెప్పలేను, గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. నేను కాలు విడవలేదు. విడిచి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక వాత అయింది. రెండోదానికి కమ్మి మళ్లీ కాల్చి ఎత్తేసరికి వాకిట్లో "గాజులమ్మా గాజులు" అన్న కేక ఆగిపోయింది. కాశింబి. శ్రావణ శుక్రవారమని గాజుల మలారం భుజానేసుకుని వచ్చింది. ఆమె మొగుడికి రాచపుండు వస్తే, ఊర్లో పెట్టిన వాతలతో అది ముదిరినాక రైలెక్కించి మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోయి, సగం దవడ కోయించి తెచ్చింది. ఎనిమిది నెలలు బతికినాడు. అప్పటినుంచి ఆ రోగం అంటుతుందని ఆమెను అరుగు దాటనిచ్చేవాళ్లు కాదు. గాజులు మాత్రం తొడిగించుకునేవాళ్లు. ఆ దినం ఆమె అరుగు దాటింది, గడప దాటింది, కమురు వాసన పట్టుకుని నేరుగా నడిమింట్లోకి వచ్చింది.

"ఇడ్సు ఓబులేసూ! నా మొగుణ్ణి ఇట్లే సంపినారు! మూడు వాతలకే దవడకు బొక్క పడె!"

"గాజులమ్ముకునేదానివి, నడిమింట్లోకొస్తావా? ఎల్లు బయటికి!"

కాశింబి కాలిన కమ్మిని వట్టి చేత్తో పట్టుకుని లాగి మూలకు విసిరింది. అరచేతి తోలు కమ్మికే అంటుకుపోయింది. చిన్నాయన పొయ్యిలో కట్టె తీసి ఆమె భుజం మీద కొట్టినాడు. పడింది. మలారం మీద కాలు వేసి తొక్కినాడు. పచ్చవి, ఎర్రవి, గాజులన్నీ ఇల్లంతా చిట్లినాయి. ఇంకోసారి కట్టె ఎత్తితే పుల్లమ్మ జేజి చెయ్యి విడిచి కట్టె పట్టుకుంది. "చాల్లేప్పా, సస్తాది," అంది.

కాశింబి గాజుపెంకుల మీదనే మోకాళ్లతో పాక్కుంటూ వచ్చి పుల్లమ్మ గడ్డం పట్టుకుంది. "తెరువు మే నోరు." పుల్లమ్మ బిత్తరపోయి తెరిచింది. కాశింబి వెలుగుకు తిప్పి చూసి, "నువ్వు కుడి దవడకు పెడ్తావు," అంది. సుంకమ్మ నోరు తెరిపించింది. "నీది కింది పెదివి సందున." ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఇద్దరూ ఎక్కడ పెట్టుకుంటారో వాళ్లకే తెలుసు.

"నీకెట్ల తెల్సు?" అంది సుంకమ్మ.

"తెల్లగ ముడత పడిండాది ఆడ. ఆకు యాడ పెడ్తే ఆడ్నే. మద్రాసు డాక్టరు నాకు ఏలు పెట్టి చూపిచ్చినాడు. గాలి సోకితే నోరంతా తిరగాల గదా మే? మీరు పెట్టిన తావే దానికెట్ల తెలిసె?"

కాశింబి నా వైపు తిరిగి, కాలని చేత్తో నా బుగ్గలు నొక్కి, బొటనవేలు లోపల పెట్టి దవడ చాచింది. చూసింది. లాగి కొట్టింది. కండ్ల ముందు మెరుపులు. "పెద్దమ్మా, నీ తావే! నీ మనవరాలికి నీ తావులోనే!" అని జేజి వైపు చూసి ఏడ్చింది.

జేజి లేచి కూర్చుంది. నోటి నుంచి నెత్తురు, చొంగ రవిక మీద కారుతున్నాయి. మాట రాదు. నా మెడ పట్టుకుని తన వేలు నా దవడలో దూర్చి, పొద్దున పెట్టుకున్న పొగాకు ఉండను గోటితో గీరి తీసింది. చిగురు చీరుకుపోయి నా నోట్లో కూడా నెత్తురు. ఆ ఉండను నిప్పులో వేసింది.

ఇక మిగిలింది మా అమ్మ. కాశింబి "వదినా, నువ్వు," అంటే, అమ్మ కొంగు పండ్లతో కరుచుకుని తల అడ్డంగా ఊపింది. మరిది ముందర, అత్త ముందర కోడలు నోరు తెరిచి చూపించడమంటే గుడ్డ విప్పినట్టే లెక్క మా ఇండ్లలో. నవ్వినా కొంగు అడ్డమే, తిన్నా గోడ వైపు తిరిగే. "సిగ్గు సంపుతాది వదినా," అంది కాశింబి. అంతలో చిన్నాయన ఆమె జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చి పారేసినాడు. మళ్లీ ఈ గడపలో కాలు పెడితే కాలు విరుగుతుందన్నాడు. అన్నవాడు అన్నంత పనీ చేసేవాడే.

జేజి దీపావళి చూడలేదు. పోయేదాకా మాత్రం ప్రతి పొద్దునా నన్ను పిలిచి, నోరు తెరిపించి, వేలు పెట్టి, ఆ వేలు వాసన చూసేది. వాసన ఉంటే కొట్టేది. చివరి వారం చెయ్యి లేవక గిల్లింది. బారులో నేను చిటికెడు వద్దంటే ఒకామె మట్టిబెడ్డ విసిరింది. పుల్లమ్మ ఆమెను నడుం మీద తన్ని, "దాని ఆకలి దానిష్టం మే," అంది. నా దవడలోని తెలుపు మరుసటి ఏడు ఎండాకాలానికి పోయింది. కాశింబి కాలిన చేత్తోనే ఊరూరా తిరిగింది. ఎక్కడ గాజులు తొడిగినా ముందు నోరు చూపిస్తేనే మలారం విప్పేది. ఆడోళ్లు తిట్టుకుంటూ తెరిచేవాళ్లు. మా గడప ఒక్కటే ఎక్కేది కాదు. మా అమ్మ గాజులు సంతలో కొనుక్కునేది.

ఇప్పుడు మలారాలు లేవు. కలుపుకు మందు కొడుతున్నారు, ఆడోళ్ల బారు లేదు. కొర్రచేలు లేవు. మా చిన్నాయన కమ్మి పాతసామాను వాడు ఎత్తుకుపోయినాడు. రాచపుండు అనే మాట కూడా పోయింది, క్యాన్సర్ అంటున్నారు. అందరూ పలుకుతున్నారు, అదొక మేలు.

ఆ శుక్రవారం ఆ నడిమింట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మా జేజి నాగమ్మ. చిన్నాయన ఓబులేసు, ముసలితనంలో జేజి పేరెత్తితే లేచిపోయేవాడు. పుల్లమ్మ, మరుదినమే కొంగు ముడి విప్పి పారేసింది, ఎనభై దాటి బతికింది. సుంకమ్మ, మానలేదు, పెదివితో మొదలై పోయింది. దూదేకుల కాశింబి, పోయేదాకా ఆమె కుడిచేతి వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. నేను. మా అమ్మ తిమ్మక్క. నాకు ఇద్దరు బిడ్డలు పుట్టినాక ఒకనాడు ఆమె తాగిన నీళ్లు బుగ్గలోంచి బయటికి కారినాయి. కొంగు తీసి చూస్తే దవడకు వేలు పట్టేంత బొక్క. ఎన్నాళ్ల నుంచి అమ్మా అంటే, నువ్వు అడగలేదు కదా అంది.