మైకులో నా గొంతు

కరోనా టీకాల సంగతి మా వీధుల్లో తెలుగులో చెప్పమని ఆరోగ్య కేంద్రం వాళ్లు నన్ను అడిగినప్పుడు గర్వంగా ఒప్పుకున్నాను. ఈ దీవుల్లో, షాదీపూర్‌లోని మా తెలుగు ముసలివాళ్లు బజారులో హిందీ దంచేస్తారు గానీ, సూది మాట తెలుగులో చెబితే తప్ప నమ్మరు. అందుకని ఆటోకి మైకు కట్టి, ముందు హిందీ, వెనకాల నా తెలుగు అని నిర్ణయించారు.

నాకసలే ఓపిక తక్కువ. రాసిచ్చిన కాగితం నిండా నమస్కారాలూ విజ్ఞప్తులూ. పైగా ఆటో నడిపే ఆయన, "దీదీ, జల్దీ బోలో! ఇంకా నాలుగు గల్లీలున్నాయి" అని తొందరపెడుతూ ఒకటే గోల. కాగితం పక్కన పడేసి నా సొంత తెలివి వాడాను. "అందరూ కార్డులు పట్టుకుని పైన స్కూలుకి రండి. ఆలస్యం చేయకండి. నలభై అయిదు దాటినవాళ్లకి టీకా వేస్తున్నారు." చక్కగా కుదించానని మురిసిపోయాను కూడా.

పదకొండింటికి మంచినీళ్ల కోసం ఇంటికి వెళ్తే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యి మీద అన్నం మాడిపోతోంది. అమ్మ లేదు. అమ్మ దగ్గర వదిలివెళ్లిన నా మూడేళ్ల కూతురూ లేదు. బయటికొచ్చి కేకలేశాను.

"మీ అమ్మ పిల్లని సంకనేసుకుని పైకి పరిగెట్టీసిందమ్మా. ఎంత పిలిసినా ఆగనేదు" అంది పక్కింటామె.

అమ్మది గుండెజబ్బు. మెట్లే ఎక్కొద్దన్నాడు డాక్టరు.

తలుపు వెనక కొక్కేనికి ఉండే సంచి లేదు. అందులో రేషన్ కార్డు, మందులు, ఒక జత బట్టలు పెట్టి అమ్మ ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది. అది చూశాక నాకు సంగతి అర్థమైంది. సునామీ తర్వాత మేము శిబిరంలో ఉన్న రోజుల్లో భూమి కదిలినప్పుడల్లా మైకు జీపు వచ్చేది. పైకి వెళ్లమంటే చాలు, మిగతాది వినడానికి ఆగకూడదని పిల్లలందరికీ నేర్పారు. నేనూ అలా పరిగెత్తినదాన్నే. అలాంటిదాన్ని, పైకి రమ్మని ముందు అరిచి టీకా సంగతి ఆఖర్న చెప్పాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

స్కూల్లో వరుసలో అమ్మ కనబడలేదు. ఇంకా పైన, గుట్ట మీది నీళ్ల ట్యాంకు దగ్గర దొరికింది. పెదాలు తెల్లబడి ఉన్నాయి. పిల్ల ఒళ్లో కూర్చుని బిస్కెట్టు తింటోంది.

"అమ్మా, సముద్రం రాలేదే! టీకాలకి పిలిచాను" అన్నాను ఏడుస్తూ.

అమ్మ నా వీపు మీద రెండు దెబ్బలు వేసింది. "అందర్నీ పైకి పొమ్మనీసి నువ్వు కిందే తిరుగుతావేటే? మీ నాన్నా అంతే సేసినాడు. జెట్టీ కాడ జనాన్నంతా పైకి తరిమీసి, తనుండిపోనాడు!"

 సునామీ వచ్చినప్పుడు మేము దక్షిణాన కొసదీవిలో, కాంప్‌బెల్ బేలో ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. నాన్న దుకాణంలో నిద్రపోతుండగా అల వచ్చి తీసుకుపోయిందనే ఇన్నేళ్లూ అమ్మ చెప్పింది. నేనూ అందరికీ అదే చెప్పుకున్నాను.

స్కూలు నుంచి నర్సమ్మ వచ్చి నాడి చూసింది, ఫరవాలేదంది. ఆమె వెళ్లేదాకా ఆగి, ఎందుకు దాచావని అమ్మని అడిగాను.

"నిజం సెప్తే నువ్వూ అలాగే తయారవుతావని" అంది అమ్మ.