ఎర్రబడ్డ తెల్లచీర

గంజి పెట్టిన కొత్త మిల్లు బట్ట వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న వికారాబాద్‌లో వరద బాధితులకు చీరలు పంచుతూ, పెద్దదాన్నని నన్నూ పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. కట్టలు విప్పగానే అదే వాసన. టోకున చవగ్గా దొరికాయట, అన్నీ తెల్లచీరలే.

నాకు ఏడేళ్లప్పుడు, ఉగాదికి ముందటి ఎండల్లో, తాండూరులో మా గడ్డి గుడిసెల వాడ పట్టపగలే కాలిపోయింది. కందికట్టెల మంట మీద ఉబ్బే జొన్నరొట్టెల వాసన, చాటల్లో ఎండే చింతపండు, అవ్వలు తమలపాకులు నములుతూ కబుర్లాడుకునే పందిరి, దాని కింద మేము గచ్చకాయలాడుకునే చోటు, అన్నీ ఒక్క పూటలో బూడిదయ్యాయి. నాన్న రైలు పట్టాల పనికి దూరం పోయి నెల దాటింది, ఏ కబురూ లేదు. అమ్మకు మిగిలింది ఒంటి మీది చీర ఒక్కటే, అదీ సగం కాలినది.

హైదరాబాదు నుంచి జీపులో ఒక మహాతల్లి దయచేసింది. ఆమె తెచ్చినవన్నీ తెల్లచీరలే. మొగుడు బతికున్న ఆడది మాలో తెల్లచీర కట్టదని, అడిగితే నేను కూడా చెప్పేదాన్ని. అడగాలంటే మా మొహాలు చూడాలి కదా, ఆమె చూసిందల్లా ఫోటో తీసేవాడి వైపే.

అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "నా పెనిమిటి బతికున్నడమ్మా. గిది నేనెట్ల కడ్త?"

"ఊరకే ఇస్తుంటే రంగులు కూడా కావాలా మీకు?" అంటూ చీరను అమ్మ చేతుల్లో కుక్కి, ఆమె ఫోటోకు నవ్వింది. అలాంటి చీర పనికొచ్చింది భర్త పోయిన ముసలి మల్లవ్వ ఒక్కదానికే. మల్లవ్వను చూపించి, "ఈ అవ్వకున్న బుద్ధి మీకెవరికీ లేదు" అని మాకు సుద్దులు చెప్పి, పుణ్యం మూటగట్టుకుని జీపెక్కింది.

నాన్న చావు కబురే మడతపెట్టి చేతికిచ్చినట్టు అమ్మ దాని మడత విప్పనేలేదు. అంత ఎండలో, పక్క వాడవాళ్లిచ్చిన గొంగడి కప్పుకుని, కాలిన గోడ వెనక రెండు రోజులు కూర్చుంది.

మూడో నాడు రంగ్రేజు గల్లీ నుంచి, బట్టలకు రంగులేసే ఖాసింబీ వచ్చింది. వాళ్లలో తెల్లబట్టకు ఏ పట్టింపూ లేదు. అయినా అమ్మ గొంగడినీ మడత విప్పని చీరనూ చూసింది.

"ఏం రంగు గావాలె అక్కా?" అంది.

అమ్మ భోరున ఏడ్చింది. "ఎర్రది" అంది.

"ఫికర్ జెయ్యకు. పొద్దుగూకేసరికి కడ్తవు."

వాడలోని చీరలన్నీ తీసుకుపోయి, ఒక్కొక్కరినీ అడిగి, చెప్పిన రంగులోనే గంగాళంలో ఉడికించి తెచ్చింది. ఆ ఎరుపు చెమటకు కారి అమ్మ మెడ, చేతులు ఎన్నాళ్లో ఎర్రగానే ఉండేవి. ఉగాదికి బచ్చాలు వండుకునే నాటికి నాన్న రైలు దిగితే, అమ్మ ఆ చీరలోనే ఎదురుపోయింది.

మొన్నటి సభలో, "ఏం కావాలో వీళ్లను ఒక్కమాట అడిగారా?" అన్నాను. చీరలు తెప్పించినవాడు, నా మనవడి వయసువాడు, నవ్వాడు.

"ఫ్రీగా ఇస్తుంటే కలర్ గూడ అడుగుతరా అమ్మమ్మా?"

లేచి వచ్చేశాను. మర్నాడు తాండూరు పోయి వెతికితే రంగ్రేజు గల్లీ లేదు, ఖాసింబీ ఎవరో చెప్పేవాళ్లూ లేరు. ఆ జీపు తల్లి మాట మాత్రం నిక్షేపంగా బతికే ఉంది.