చంద్రుడి మీద దిగని మూడోవాడు

మా ఆయనకు కరోనా వచ్చిందని ఫోనులో మెసేజ్ చూసుకున్నాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట చెబితే మీరు నమ్మరు. "ఏం ఫికర్ జెయ్యకే. చంద్రుని మీదికి పోయొచ్చినోళ్ళను గూడ గిట్లనే అర్రల పెట్టి మూసిండ్రు. మూడు వారాలు" అన్నాడు. రెండో విడత రోజులవి. సూరత్‌లో ఆసుపత్రుల ముందు అంబులెన్సులు బారులు తీరి ఉన్నాయి. పడకలు లేవు, ఆక్సిజన్ లేదు, మందుల కోసం జనం దుకాణాల ముందు పొద్దున్నుంచీ నిలబడుతున్నారు. ఈ మనిషికి అమెరికావాళ్ళ రాకెట్లు గుర్తొచ్చాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఈ రాకెట్ల పిచ్చి ఎక్కడిదో ముందు చెప్పాలి. సూరత్ దగ్గరి జోల్వాలో మాకు నాలుగు మరమగ్గాల ఖాతా ఉంది. ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. కింద మగ్గాలు, వాటి వెనక వంటిల్లు, పైన ఒకే ఒక్క గది. మా మామయ్య సిరిసిల్ల నుంచి వచ్చి పెట్టిన ఇల్లు. మా ఆయన ఇక్కడే పుట్టి, ఇక్కడి తెలుగు బడిలోనే చదువుకున్నాడు. ఆ బడిలో ఒక సారు చంద్రుడి మీద మనుషులు దిగిన కథ చెప్పాడట. అది ఆయన బుర్రలో పడి అలాగే ఉండిపోయింది. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, చేతిలో ఫోను తప్ప పని లేకపోయేసరికి అది మొలకెత్తింది. జనం ఆ ఖాళీలో కేకులు చేయడం నేర్చుకున్నారు. మా ఆయన అమెరికా అంతరిక్షమంతా నేర్చుకున్నాడు.

పొద్దున చాయ్‌తో మొదలయ్యేది. ముందు కోతుల్ని పంపారట, తర్వాత చింపాంజీని. ఆ పైన మనిషి. ఒకసారి నేల మీద ఉత్తుత్తి పరీక్ష చేస్తుండగా ముగ్గురు లోపలే కాలిపోయారట. ఆ వీడియో చూసిన రోజు మా ఆయన అన్నం ముట్టలేదు, సొంత మేనమామలు పోయినట్టు కూర్చున్నాడు. పదమూడో యాత్రలో దారిలో ట్యాంకు పేలితే ప్లాస్టిక్ సంచీ, గొట్టం, టేపు పెట్టి గాలి శుభ్రం చేసుకుని బతికొచ్చారట. ఇది మా మోటారు బెల్టు తెగిన ప్రతిసారీ వినాలి. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన ముచ్చట ఇంకొకటుంది. చంద్రుడి మీద నడిచినవాళ్ళ బట్టలు కుట్టింది ఆడవాళ్ళ లోదుస్తులు చేసే కంపెనీలోని కుట్టుపని ఆడవాళ్ళట. ఆ చంద్రుడి ఓడలోని కంప్యూటర్‌కు జ్ఞాపకశక్తి పెట్టింది కూడా ఆడవాళ్ళేనట, సన్నటి తీగల్ని చిన్న చిన్న రింగుల్లోంచి చేత్తో దూర్చి. "అంటే ఏంది? నేసుడే గదా! మన పని ఎర్కున్నోళ్ళు లేకుంటే చంద్రుడే లేడు" అని నూలు తెచ్చే టెంపో డ్రైవరుకు, పక్కింటి గుజరాతీ బేన్‌కు, ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు. బేన్ పాపం "హా భాయ్, హా" అంటూ మెల్లగా తలుపేసుకునేది.

నమ్మనిది ఒక్క మా అత్తమ్మే. "చంద్రుని మీదికి పోయిండ్రంటే నేను నమ్మాల్నారా? గీడికెళ్ళి కడోదర పోదామంటేనే ఆటో దొరకది" అనేది. తల్లీకొడుకులు రోజూ దీని మీద పంచాయితీ పెట్టుకునేవాళ్ళు. మధ్యలో నా చెవులు చిల్లులు పడేవి.

ఆ అత్తమ్మ కోసమే నా భయమంతా. చిన్న వయసులో ఆమెకు క్షయ వచ్చి ఒక ఊపిరితిత్తి సగం పాడైంది. మిగిలింది ఇన్నేళ్ళుగా మగ్గాల దుమ్ము తింటూ వచ్చింది. మెట్లెక్కితే పిల్లి కూతలు. మా డాక్టరు కరోనా వచ్చిన మొదటి ఏడే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు, ఈమెకు అంటితే మాత్రం కష్టం, ఎలాగైనా అంటకుండా చూసుకోమని. కాబట్టి మా ఆయనకు వచ్చిందని తెలిసిన గంటలోనే ఆయన్ని పైగదిలోకి తోసి, అత్తమ్మ మంచాన్ని కింద మగ్గాల పక్కన వేయించి, నేను మెట్ల మీద చాప పరుచుకున్నాను. గడప దాటి ఏదీ బయటికి రాకూడదు. కంచాలు మరిగే నీళ్ళలో, బట్టలు సర్ఫు నీళ్ళలో. మెట్ల మీద నన్ను దాటి చీమ కూడా పోవడానికి లేదు.

మా ఆయన కుదురుగా ఉంటే కదా! జ్వరం రెండు రోజులకే తగ్గింది, దగ్గు మాత్రం ఉంది. ఇక తలుపు తెరవడం, మూయడం. "జర చాయ్." "ఛార్జర్ ఏడున్నది?" "పడుగు అయిపోవొచ్చింది, నూలిచ్చే సేఠ్‌కు ఫోన్ చేసినవా?" తల బయట పెట్టినప్పుడల్లా నేను చీపురెత్తేదాన్ని. చివరికి ఆయన ఆయుధమే పట్టుకున్నాను. "నీ అమెరికోళ్ళు గిట్లనే బయటికొచ్చిండ్రా? అధ్యక్షుడే వస్తే గూడ కిటికీలకెల్లి మాట్లాడిండ్రంటివి గదా?"

"ఆళ్ళు ముగ్గురున్నరే, ముచ్చట వెట్టుకుండ్రు. నేనొక్కన్నే" అన్నాడు ముఖం వేలాడేసి.

ఆ తర్వాత ఉన్నట్టుండి గది నిశ్శబ్దమైంది. తలుపు చప్పుడు లేదు, చాయ్ లేదు, ఛార్జర్ లేదు. మనిషికి బుద్ధొచ్చిందని నేను సంబరపడ్డాను. నా అంత పిచ్చిది ఉంటుందా?

ఇక్కడ మా పనిలోని ఒక అలవాటు చెప్పాలి. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు కండె పెట్టాక, పోగు కొసను నాడె పక్కనున్న చిన్న కన్నంలోంచి బయటికి తేవాలి. దానికో కొక్కెం ఉంటుంది. దాన్నెవరూ వాడరు. కన్నానికి నోరు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే పోగు నాలుక మీదికి వస్తుంది. మా అత్తమ్మ ఆ పని కళ్ళు మూసుకుని చేస్తుంది. నేను కొక్కెంతో లాగుతుంటే నవ్వుతుంది. మగ్గాలు నడిపే కారీగర్లందరూ ఊళ్ళకు వెళ్ళిపోవడంతో ఆ రోజుల్లో రెండు మగ్గాలు ఆమే చూసుకుంటోంది. వద్దంటే వింటుందా? మగ్గం ఆగితే ఆమెకు నిద్ర పట్టదు.

ఒక మధ్యాహ్నం మందుల కోసం వెళ్ళి, ఎండలో నిలబడి నిలబడి, వెనక సందులోంచి ఇంటికి వస్తున్నాను. మా పైగది కిటికీ ఆ సందులోకే. కిటికీలోంచి తాడు వేలాడుతోంది. తాడు చివర బుట్ట. అది ఖాళీగా ఊగుతోంది. పైనుంచి మా ఆయన గొంతు హుషారుగా వినిపిస్తోంది. "చంద్రుని రాళ్ళు ముట్టేటోళ్ళకు చేతులకు తొడుగులిచ్చిండ్రే అమ్మా. తొడుగు జర చినిగినా సరే, ఆన్ని గూడ తీస్కపోయి ఆ ముగ్గురితోని లోపలేసిండ్రు!"

వినాల్సిన అమ్మ అప్పటికే లోపలికి వెళ్ళి, అక్కణ్ణించే వింటున్నట్టుంది. నేను పరుగున షెడ్డులోకి వెళ్ళాను. మగ్గం పక్కన గుడ్డ మీద పాత నాడెలు వరసగా ఉన్నాయి. ఎప్పటినుంచో మూల పడి ఉన్నవి, ఇప్పుడు నున్నగా, తళతళా మెరుస్తున్నాయి. ఒకటి మా అత్తమ్మ నోటి దగ్గరుంది.

"అత్తమ్మా! ఇవెక్కడియి?"

"నా కొడుకు సాపు జేసిండు" అంది మురిసిపోతూ. "లోపల కూసోని ఏం జేస్తడు, పాపం. రెండు రోజుల సంది బుట్టల పంపుతున్న. గీకి, నూనె వెట్టి, పోగు మంచిగ వస్తున్నదా లేదా అని ఒక్కొక్కటి సూసి మరీ పంపుతున్నడు."

ఎలా చూసి పంపుతాడో నాకు తెలియదా! అదే కన్నం, అదే నోరు. తలుపు దగ్గర నేను చీపురు పట్టుకుని కాపలా. కిటికీలోంచి తల్లీకొడుకుల వ్యాపారం. రెండు రోజులుగా! నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో రాయను. అత్తమ్మ చేతిలోని నాడె లాగి నేలకేసి కొట్టి, మళ్ళీ సందులోకి పరిగెత్తి పైకి చూసి అరిచాను. "నీ తల్లిని సంపుకుంటవా? నోటితోని పీల్చినవా లేదా, చెప్పు!"

ఆయన ముఖం పాలిపోయింది. "అలవాటుల... యాదికి రాలేదే" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే మా ఆయన ఎలా అవుతాడు? "అమెరికోళ్ళు గూడ గిదే తప్పు జేసిండ్రు. గంత పెద్ద బందోబస్తు వెట్టి, సముద్రంల పడంగనే ఓడ తలుపు తెరిచిండ్రు. లోపలి గాలంత బయటికే..."

ఆ బుట్టను తాడుతో సహా లాగి కిటికీకేసి విసిరాను. అంతదూరం పోలేదు, నా నెత్తి మీదే పడింది. పక్కింటి బేన్ తలుపు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ వేసుకుంది.

షెడ్డులోకి తిరిగొచ్చేసరికి మగ్గాలు ఆగి ఉన్నాయి. అత్తమ్మ తన దిండు, దుప్పటి, మాత్రల డబ్బా చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"ఏడికి?"

"తొడుగు చినిగినోన్ని లోపలికి పంపిండ్రట గదా. నన్ను గూడ పంపు."

"నువ్వు నమ్మనే నమ్మవు గదా అత్తమ్మా ఆ కథలు! అంటిందో లేదో ఎవరికెర్క? ఏరే ఉందువు గాని."

"ఏరే అంటే ఏడ? గీ ఇంట్ల ఇంకో అర్ర ఉన్నదా?" ఆమె గొంతులో కోపం లేదు. "నేనీడ ఉంటే నీకు గూడ అంటుతది. నువ్వు గూడ పడితే మా ఇద్దరికి గంజి ఎవ్వలు పోస్తరు పిల్లా? జరుగు."

జరిగాను. ఆమె మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కింది. తలుపు తెరుచుకుని మూసుకుంది. నాకు ఆమె మీద, ఆయన మీద, ఆ చంద్రుడి మీద కూడా అంత కోపం ఎన్నడూ రాలేదు.

అత్తమ్మకు జ్వరం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? వేలికి పెట్టే మిషన్‌లో అంకె దిగుతూ పోయింది. తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. పడక దొరకలేదు. మా కులసంఘం వాళ్ళు ఎలాగో ఒక సిలిండరు తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్ళారు. లోపలికి లాగడం, అమర్చడం, ఆమెను బోర్లా పడుకోబెట్టడం, వీపు తట్టడం, ఆవిరి పట్టడం అన్నీ మా ఆయనే చేశాడు. ఆ ఇద్దరిలో సగం బాగున్నవాడు ఆయనొక్కడే మరి. నేను మెట్ల మీద కూర్చుని జావ, కషాయం, వేడినీళ్ళు అందించేదాన్ని. తలుపు కొట్టి కింది మెట్టుకు దిగిపోయేదాన్ని.

లోపల్నుంచి ఆయన కథలు వినిపిస్తూనే ఉండేవి. అంగారకుడి మీద బండి దింపారట, దానికో చిన్న హెలికాప్టరట, గాలి సరిగా లేని చోట ఎగిరిందట. మధ్యమధ్యలో అత్తమ్మ గొంతు, పీలగా, "అవద్దం" అనేది. ఆ "అవద్దం" కోసం నేను చెవి తలుపుకు ఆనించి కూర్చునేదాన్ని. ఆ మాట వినబడితే ఊపిరి ఆడుతున్నట్టు లెక్క. ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినబడలేదు. ఆయన చెబుతూనే ఉన్నాడు, గొంతు వణుకుతున్నా ఆపలేదు. నేను జావ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. అది చల్లారి గడ్డ కట్టింది. దీపాలు పెట్టే వేళకు లోపల్నుంచి వచ్చింది. "అవద్దం... గంత చిన్న రెక్కలకు ఎట్ల లేస్తదిరా?" నేను గిన్నె పట్టుకుని కిందికి పరిగెత్తి జావ మళ్ళీ వేడి చేశాను.

తర్వాత మెల్లగా తేరుకుంది. ఇద్దరికీ నెగెటివ్ వచ్చాక తలుపు తీశాను. సందులో వాళ్ళంతా దూరం దూరంగా నిలబడి చప్పట్లు కొట్టారు. బేన్ కొబ్బరిబొండాలు తెచ్చింది. మా ఆయన వాకిట్లో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు, చంద్రుడి నుంచి వచ్చినవాళ్ళకు ఊరేగింపు చేశారని, వీధుల్లో కాగితాలు చల్లారని. అందరూ ఆయన్ని పలకరించారు, అత్తమ్మను పలకరించారు. నాకు పొయ్యి మీద పప్పు ఉంది. వెళ్ళబోతుంటే అత్తమ్మ మెట్ల మీద, నా చాప మీదే కూలబడి, నా కొంగు పట్టుకుంది.

"ఏమే, నా కొడుకు అన్ని చెప్పిండు గని ఒక్కటి చెప్పలే. పోయింది ముగ్గురంట, దిగింది ఇద్దరేనంట. మూడోడేమైండ్రా అని నేనే అడిగిన."

"దాంట్ల ఏమున్నదే అమ్మా" అన్నాడు మా ఆయన వాకిట్లోంచి. "ఆయన పైన చుట్టు తిరుగుకుంట ఉన్నడు. ఈళ్ళు ఎక్కి రావాలె గదా, దానికి."

"ఒక్కడేనట" అంది అత్తమ్మ నాతో. ఆయాసానికి ఆగి ఆగి చెప్పింది. "ఈళ్ళు రాకపోతే, ఇద్దర్ని ఆడనే ఇడిసిపెట్టి, ఒక్కడే ఇంటికి పోవాల్నట. గా భయమే పట్టుకున్నదట ఆయనకు. చంద్రుని సంగతి నాకెర్కలేదు గని పిల్లా, గా భయం మాత్రం అవద్దం గాదు." నా చేయి తన ఒళ్ళోకి లాక్కుంది. "తిన్నవానే నువ్వు? ఇన్నొద్దులు ఏమన్న తిన్నవా?"

ఇన్ని రోజులూ కళ్ళలో ఒక్క చుక్క రాలేదు. "పప్పు మాడుతున్నది" అని చేయి విడిపించుకుని వంటింట్లోకి పోయి, గోడకు తల ఆనించి, గరిటె నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

పప్పు నిజంగానే మాడిపోయింది. ముగ్గురం షెడ్డులో మగ్గాల మధ్య ఒకే దగ్గర కూర్చుని అదే తిన్నాం. మా ఆయన రెండో ముద్ద దగ్గరే మొదలుపెట్టాడు. "ఆ పదమూడో యాత్రల తిండి..."

"నోర్మూస్కొని తినురా" అంది అత్తమ్మ, తన కంచంలోంచి మాడని పప్పు ఏరి నా కంచంలో వేస్తూ.