మోతిని తోటకు అలవాటు చేసిన నాలుగు రోజులు

మా చిన్నప్పుడు... బీర్కూర్ దగ్గరి మా ఊళ్లో, చెరుకు తోట కావలికని నాయిన తండా నుంచి ఒక కుక్కపిల్లను తువాలలో చుట్టి తెచ్చాడు. కింద దించగానే నా పావడా కొస పట్టి లాగింది. మోతి అని పేరు పెట్టాను.

"దీనికి తిండి తోట కాడనే పెట్టాలె. ఇంట్ల పెడితే ఇల్లు ఇడువది" అన్నాడు నాయిన.

నేను వింటేనా... నా కంచంలోని పెరుగన్నం తలుపు చాటున పెట్టేదాన్ని. మోతి మోకాలెత్తు పెరిగింది. పగలంతా తోటలో ఉండి, పొద్దు వాలగానే కావలి పడుకునే నాయినను అక్కడే వదిలేసి ఇంటికి ఉరికొచ్చేది.

ఒకరోజు అడవి పందులు రెండు సాళ్ల చెరుకు పడగొట్టాయి.

"గీ కుక్కతోని ఏం లాభం? ఆదివారం తండల ఇచ్చేసి వస్త" అన్నాడు నాయిన.

నేను ఉరికి మోతిని వాటేసుకున్నాను.

"కుక్కనేమంటవురా? చెడగొట్టింది నీ బిడ్డ" అంది అవ్వ, నాయిన వాళ్లమ్మ. నా వైపు తిరిగి, "ఇగ తోటల నువ్వే పెట్టు. ఇంట్ల ఒక్క మెతుకు పెట్టినవో, నీకు గూడ తండలనే బువ్వ!"

ఆదివారానికి నాలుగు రోజులే గడువు. బడి విడవగానే జొన్న గట్క గిన్నెతో తోటకు పోయి, మంచె కింద పెట్టి వచ్చేదాన్ని. అది తినేసి నాకంటే ముందే ఇల్లు చేరేది. తలుపేస్తే గోళ్లతో గీకేది. నేను లోపల అటూ ఇటూ తిరిగేదాన్ని... అమ్మ గొళ్లెం మీంచి చెయ్యి తీసేది కాదు.

శనివారం నేను తిరిగి వస్తుంటే, తోట చివర కాలువ గట్టు దాకా నా వెంటే వచ్చింది. ఏడుస్తూనే మట్టిపెడ్డ తీసి దాని కాళ్ల ముందు విసిరాను. అంతకుముందు ఎప్పుడూ దాని మీద చెయ్యెత్తలేదు. ఆగి, నన్నే చూసింది. నేను ఉరికాను.

ఆ సాయంత్రం ఎన్నిసార్లు తలుపు తీసి చూశానో... రాలేదు.

పొద్దున నాయిన నవ్వుకుంటూ వచ్చాడు. "రాత్రంత మొరిగింది. ఒక్క పంది గూడ దిగలే. ఇగ ఎవ్వలకియ్య."

"నా మీద కోపంగున్నదా నాయినా?"

"నాకేం జెప్తదే? పోయి నువ్వే అడుగు."

పోయాను. చెరుకులోంచి దూసుకొచ్చి మీద పడి మొహమంతా నాకింది. తిరిగి బయలుదేరితే మాత్రం... గట్టు దగ్గరే ఆగిపోయింది. పిలిచినా రాలేదు.

ఆ తర్వాత మేమే దాని దగ్గరికి పోయేవాళ్లం. పండగ పూట భక్షాలు కూడా ముందు తోటకే.

ఇప్పుడు నేను బాన్సువాడలో, అత్తగారింట్లో ఉన్నాను. మా తోట చుట్టూ తమ్ముడు సోలార్ తీగ కట్టించాడు. పందులు రావు, కుక్కతో పని లేదు, గిన్నె పట్టుకుని అంత దూరం నడిచేవాళ్లూ లేరు. అయినా బడి విడిచే వేళకు నాకు ఇంట్లో కాలు నిలవదు...

అడగాలంటే సిగ్గుగానే ఉంది. మీ ఇంట్లోనూ పనికని తెచ్చుకుని, ప్రాణం పెట్టుకున్న కుక్క ఉండేదా? దానికి తిండి మోసింది ఎవరు?