అమ్మ చీరను తిన్న చెదలు

నా చిన్నప్పుడు నేను చెదపురుగుల మీద పగబట్టాను. వినేవాళ్ళకు నవ్వొస్తుందేమో, నాకు రాదు. అమ్మ పోయి ఏడాది తిరగకముందే ఆమె ఆకుపచ్చ చీరను పెట్టెలోనే తిన్నాయవి. మడత విప్పితే చేతిలోకి మట్టి రాలింది. అంచు మాత్రం మిగిలింది.

మాది గోదావరిఖని చివర మట్టిగోడల ఇల్లు. మా తాతయ్య బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా కర్రలు ఆనించే పని చేసేవాడు. అక్కడ పనికిరాని పాత కర్రలను అడిగి తెచ్చుకుని, డ్యూటీ దిగాక భుజాన మోసుకొచ్చి, ఇంటి వెనుక గోడకు ఆనించి పేర్చేవాడు. బాయి పనివాళ్ళందరూ అంతే. ఎవరి కట్టెల గుట్ట ఎత్తుగా ఉంటే వాళ్ళకంత గొప్ప.

చీర పోయిన రోజు నుంచి గోడ మీద చెదల మట్టిగీత కనబడితే చాలు, చీపురుతో గీకి కాలితో నలిపేదాన్ని. తెల్లారేసరికి ఇంకోచోట లేచేది. ఒకరోజు తాతయ్య ఇనుపచువ్వ తెచ్చి, బాయిలో కప్పును తట్టి చూసినట్టే, మా ఇంటిని మోసే నడిమి గుంజను తట్టాడు. డొల్లగా పలికింది. ఆయన మొహం మాడిపోయింది. వానలు మొదలైతే కప్పు మా నెత్తి మీదనే.

నేను మళ్ళీ చీపురు అందుకుంటే గుంజుకున్నాడు.

"ఆగు బిడ్డా. దారి చెరిపితే ఎట్ల దొరుకుతయి? మూడొద్దులు ముట్టకు."

"అప్పటిదాక ఇల్లంత తినవా?"

"తిననియ్యి. యాడికెల్లి వస్తున్నయో సూద్దాం."

ఆ మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. కళ్ళ ముందే గీత పొడుగవుతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాలుగోనాడు తాతయ్య గీత వెంట వేలు పెట్టుకుంటూ గోడ మొదలుదాకా వచ్చి, ఇంటి వెనక్కి వెళ్ళాడు. అది తాతయ్య పేర్చిన కట్టెల కిందికే పోయింది.

పక్కింటి అక్క ఊరుకుంటుందా. "ఓ తాతా, ఇన్నొద్దులు కట్టెలు మోస్తున్నవనుకున్నం. చెదల్ని మోసినవా ఏంది?"

"నేనే మోసిన బిడ్డా. నవ్వింది చాలు, జర గడ్డపార అందుకో."

కట్టెలు తీసి తవ్వితే, తడిమట్టిలో వేలంత లావున రాణిపురుగు. తెల్లగా, కదల్లేక పడి ఉంది. అదే అన్నింటికీ తల్లి అన్నాడు తాతయ్య. మరిగే నీళ్ళ చెంబుకు గుడ్డ చుట్టి నా చేతికిచ్చాడు. పోశాను. అదీ ఒక తల్లే అని నాకప్పుడు అనిపించలేదు. ఇప్పుడూ అనిపించదు.

చెద పట్టిన కర్రలన్నీ కాల్చేశాం. మంచివి ఎండబెట్టి, గోడకు దూరంగా రాళ్ళ మీద పేర్చాం. కొత్త గుంజ మొదలుకు డాంబరు పూసి బండ మీద నిలబెట్టాడు తాతయ్య. పెట్టె కింద ఇటుకలు పెట్టి, గోడకు జానెడు దూరం జరిపాడు. ఆ వానలకు ఇల్లు నిలబడింది.

చాలా ఏళ్ళకు, నా భర్త పోయాక నా మీద లేనిపోని మాటలు పుట్టాయి. వచ్చి చెప్పినవాళ్ళ మీద నేను అరవలేదు. ఓపిక పట్టి, ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశాను. నేనే నమ్మి, నా వంటింట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి దగ్గర తేలాయి. ముందు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తర్వాత ఆమెను నా గడప తొక్కనివ్వలేదు.