టీచరమ్మ వ్యానుకు నెత్తిన కిటికీ

మా టీచరమ్మ పోయిందన్న కబురు ఆదోనిలో నా షెడ్డు తలుపు తీస్తుండగా ఫోనులో వచ్చింది. చెప్పింది ఆమె భర్త. "టీచరమ్మ నిద్దర్లోనే పోయిందప్పా. నువ్వు రా" అన్నాడు. ఆయన కూడా ఆమెను టీచరమ్మ అనే పిలిచేవాడు.

షెడ్డు మళ్ళీ మూసి, బండి తీసుకుని ఎమ్మిగనూరు బయలుదేరాను. దారి పొడవునా ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. సగం దారిలో ఒక మలుపు దగ్గర నవ్వొచ్చింది. ఆ మలుపులోనే ఒకసారి ఆమె తాను నడుపుతున్న వ్యాను స్టీరింగు వదిలేసి రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. చావుకు పోతూ నవ్వేవాణ్ణి ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో తెలియదు. కానీ ఆమెను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సంబరమే. అందుకే దాని గురించే రాస్తున్నాను.

ఆమె ఎమ్మిగనూరు బడిలో మాకు సైన్సు చెప్పింది. మాది ఆదోనే అయినా, అమ్మమ్మ ఇంట్లో ఉండి అక్కడ చదువుకున్నాను. టీచరమ్మ తరగతికి పుస్తకంతో వచ్చేది తక్కువ, సంచితో వచ్చేది ఎక్కువ. అందులో కొవ్వొత్తి, బెలూను, ఖాళీ సోడా సీసా, ఏదో ఒకటి ఉండేది. చేసి చూపించి, "ఏం చూసినారు?" అని అడిగేది. ఎవరైనా గొప్పగా కారణం చెప్పబోతే ఆపేది. "చూసింది సెప్పు నాయనా. అనుకునేది తర్వాత సెబుదువు." ఆమె చేసింది తప్పిపోతే మరింత హుషారు. జుట్టులో సుద్దపొడితో అటూ ఇటూ తిరుగుతూ, "ఇది కాదంట! మరి ఏది?" అని మమ్మల్నే అడిగేది. తప్పు చేసి అంత సంతోషపడే పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఊరంతా ఆయన్ని డ్రైవర్ సార్ అనేవారు. ఆమెకు వ్యాను నడపడం నేర్పింది ఆయనే. ఇద్దరూ ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఆయన ఒకరోజు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు మూత సరిచేస్తూ జారి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. కూర్చోలేడు. కాళ్ళకూ నడుముకూ కసరత్తు చేయించే డాక్టరు ఆదోనిలో ఉన్నాడు. వారం వారం తీసుకుపోవాలి. టీచరమ్మ ఒక పాత వ్యాను కొని, వెనక సీట్లు తీసేయించి, పరుపు వేసి, ఆయన్ని పడుకోబెట్టి తానే నడుపుకుంటూ తెచ్చేది.

కొన్ని వారాలు గడిచాక ఆయన రానన్నాడు. ఆ సంగతి చెప్పడానికే ఆమె నా షెడ్డుకు వచ్చింది. అప్పటికి నేను లారీలకు, ట్రాక్టరు ట్రాలీలకు బాడీలు కట్టే పనిలో స్థిరపడ్డాను. ఆమె వ్యాను దిగి, తలుపు వెయ్యకుండానే పైకప్పు మీద అరచేత్తో కొట్టింది.

"దీని నెత్తి కొయ్యాల నాయనా."

"ఏంది టీచరమ్మా?"

"మీ సార్ ఇన్నేండ్లు అంత పెద్ద అద్దంలోంచి దోవ చూసుకుంటా బతికినాడు. ఇప్పుడు పండుకుంటే రేకు తప్ప ఏం కనపడదు. 'శవాన్ని మోసినట్ల మోస్తాండావు, నేను రాను' అంటాండాడు. కసరత్తు మానేస్తే ఆ కాళ్ళు ఇంక లేవవు. ఆ మనిషీ లేవడు." మళ్ళీ రేకు మీద కొట్టి, "పైన కిటికీ పెట్టు" అంది.

కొత్త కార్లకు సన్‌రూఫులు ఉంటాయి, పాత వ్యానుకు అలా కోస్తే పైకప్పు బలం పోతుంది అన్నాను. "బలం పోకుండా కొయ్యి" అంది. అదే మా ఒప్పందం. కోసిన చోట చుట్టూ ఇనప చట్రం వేసి, దాన్ని పక్క స్తంభాలకు కలిపి వెల్డింగు చేశాను. పాత కార్ల సామాన్లు అమ్మే అంగట్లో గట్టి గాజు పలక దొరికింది. అది వెనక్కి జరిగేలా పట్టాలు పెట్టాను. వాన నీళ్ళు పోవడానికి సన్నని గొట్టాలు కూడా వేశాను. చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఎమ్మిగనూరు పోయి, వద్దంటున్నా డ్రైవర్ సార్‌ను ఎక్కించాం. ఆయన మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు. నేను గాజు వెనక్కి జరిపాను. ఊళ్ళో మెల్లగా పోతుంటే కరెంటు తీగలు, మిద్దెల పిట్టగోడలు, ఎవరో ఆరేసిన చీర, ఒక్కొక్కటే ఆయన మొహం మీదుగా పోయాయి. ఆయన తల తిన్నగా పెట్టుకున్నాడు. నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె అద్దంలో ఆయన్నే చూస్తోంది.

ఊరు దాటి వేగం పెంచగానే మొదలైంది. దబ్ దబ్ దబ్ దబ్. శబ్దమంటే అది చెవికి వినపడేది కాదు, చెవిలో గుద్దేది. వ్యాను మొత్తం ఒక పెద్ద డోలయింది, మేము ముగ్గురం దాని కడుపులో ఉన్నాం. డ్రైవర్ సార్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"మూసెయ్! తల పగిలిపోతాంది. మూసెయ్ టీచరమ్మా!"

మూసేశాను. ఆయన మళ్ళీ పక్కకు తిరిగాడు. ఆదోని దాకా అలాగే ఉన్నాడు. ఉన్న వ్యానును పాడు చేశాననుకున్నాను. దిగాక తప్పయిందని చెప్పబోయి టీచరమ్మ వైపు తిరిగితే, ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

"విన్నావా నాయనా? నిదానంగా పోతాంటే లేదు. బాగా జోరు మీద కొంచెం తగ్గింది. మధ్యలోనే కొడతాంది. ఇది ఉత్త గాలి చప్పుడు గాదు. మనకు బాగా తెలిసిందే ఇది!"

నా షెడ్డు పక్కనున్న బడ్డీకొట్లో ఖాళీ సోడా సీసా అడిగి తెచ్చి, దాని మూతి మీద అడ్డంగా ఊదింది. బూ... అని మోగింది. బడిలో మా ముందు ఎన్నోసార్లు ఊదిందే. "మన వ్యాను ఒక సీసారా! పైన పోయే గాలి మూతి అంచుకు తగిలి లోపలి గాలిని ఊపుతాంది. గాలి మూతి మీదనుంచి ఎగిరి పోవాల. దానికి ముందర ఒక అడ్డం కట్టు."

అలా మొదలైంది. కిటికీ ముందు అంచున వంచిన రేకు పట్టీ ఒకటి నిలబెట్టాను. గుద్దుడు తగ్గింది, బదులుగా కుక్కరు కూసినట్టు ఈల మొదలైంది. పట్టీ ఎత్తు పెంచాను. ఈల పోయి గుద్దుడు మళ్ళీ వచ్చింది. వెనక తలుపు అద్దం కొంచెం దించితే హాయిగా ఉంది గానీ, ఎర్రమట్టి అంతా పరుపు మీదికి చేరింది. టీచరమ్మకు ఒక గొప్ప ఆలోచన వచ్చి, పట్టీ బదులు ప్లాస్టిక్ గొట్టం పెట్టమంది. అది సగం దారిలో ఊడి ఎగిరిపోయింది. వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఒక రైతు దాన్ని పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "టీచరమ్మా, నీ బండి కొమ్ము ఊడిపాయ!" ఆమె రోడ్డు మీద కూలబడి నవ్వింది.

గాలి ఏం చేస్తోందో కంటికి కనపడితే బాగుండుననుకున్నాం. ఆమె ఎదురింటి నేతగాళ్ళ మగ్గం దగ్గర రాలిన ఎర్ర నూలు ముక్కలు ఏరుకొచ్చింది. వాటిని కిటికీ అంచు చుట్టూ ఒక్కో కొస అంటించాం. గాలి ఎటు పోతే దారం అటు తిరుగుతుంది. అంతా అయ్యాక తెలిసింది, చూసేవాళ్ళు లేరని. నడిపేది ఆమె, మీటరు చూస్తూ వేగం చెప్పేది నేను.

ఆ రోజు డ్రైవర్ సార్‌ను బతిమాలి తెచ్చాం. గుద్దుడు మొదలవగానే గాజు మూసెయ్యడానికి చెయ్యి చాచాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఉండుప్పా. మద్దెలో దారాలు లోపలికి వంగుతాండాయి. పక్కన ఉండేటివి బాగనే లేస్తాండాయి."

నేనూ టీచరమ్మా ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే ఆయన ఆగిపోతాడేమోనని భయం. ఆమె రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, గొంతు మామూలుగా పెట్టి అడిగింది. "మద్దెలోవి ఎంత వంగుతాండాయి?"

"వేలెడు. నువ్వు కొంచెం తగ్గించి మళ్ళీ తొక్కు, చూస్తా."

ఆ రోజు నుంచి పెత్తనం ఆయనది. పడుకుని చూసే మనిషికంటే ఆ కిటికీని బాగా చూడగలిగేవాడెవడు? చెవుల్లో దూది పెట్టుకుని మరీ చూసేవాడు. ఆయనే నాకు ఫోను చేసేవాడు. "ఈ పొద్దు ఎదురు గాలి లేదప్పా, బాగుంది. వస్తాండాం, పట్టీ సిద్ధం చెయ్యి." మేము దారిలో ఆగి పట్టీ మార్చి, వెనక్కి పోయి మళ్ళీ వచ్చి చూసుకుంటుంటే డాక్టరు దగ్గరికి పోయేసరికి ఆలస్యమయ్యేది. డాక్టరు విసుక్కునేవాడు. "మీరు కసరత్తుకు వస్తాండారా, గాలికి తిరుగుతాండారా?" "రెండూ" అనేది టీచరమ్మ. వారానికొకసారి రావాల్సిన మనిషి రెండుసార్లు వస్తుంటే డాక్టరు మాత్రం ఏమంటాడు!

రహస్యం దొరికింది మాత్రం రోడ్డు మీద కాదు, నా షెడ్డులో. మధ్యాహ్నం టీ తాగుతున్నాం. గాలికి చెదిరిన జుట్టు దువ్వుకుంటూ టీచరమ్మ అలవాటుగా సోడా సీసా అందుకుని ఊదింది. బూ అంది. ఉన్నట్టుండి దువ్వెన వైపు చూసింది. దాన్ని సీసా మూతికి ముందు నిలబెట్టి, పళ్ళ మధ్యలోంచి ఊదింది. ఉస్సుమంది తప్ప మోగలేదు. దువ్వెన తీసి ఊదింది, మోగింది. పెట్టి ఊదింది, మోగలేదు. రెండూ నా చేతికిచ్చింది. నేనూ ఊదాను. మోగలేదు.

"గాలి ఒక్క ముద్దగా పోతే అంచుకు కొట్టుకుంటాది" అంది. "చీల్చినామంటే ఊపేదానికి దానికి బలం చాలదు. దువ్వెనకున్నట్ల పండ్లు పెట్టరా నాయనా! ఆ పట్టీకి పండ్లు పెట్టు!"

టీ అక్కడే చల్లారిపోయింది. పట్టీ పై అంచును దువ్వెనలా కోశాను. డ్రైవర్ సార్ వ్యానులోంచే అరిచాడు. "అన్నీ ఒకే తీరుగ కొయ్యొద్దప్పా, మద్దెలో పెద్దవి పెట్టు! ఆడనే దారాలు వంగుతాండేది!" అలాగే కోసి, ఆకురాయితో మొనలు నున్నగా చేసి, పాత బోల్టులకే బిగించాను.

ఎమ్మిగనూరు రోడ్డెక్కాం. వేగం పెరుగుతోంది. గుద్దుడు మొదలయ్యే చోటు మాకు ముగ్గురికీ ఒంట్లో తెలుసు. నేను పళ్ళు బిగించాను. ఆ వేగం వచ్చింది. గుద్దుడు రాలేదు. ఇంకొంచెం తొక్కింది. రాలేదు. తలమీద గాలి దూరంగా వాన పడుతున్నట్టు మెత్తగా పోతోంది, అంతే.

అప్పుడే ఆ మలుపులో ఆమె స్టీరింగు వదిలేసి చప్పట్లు కొట్టింది.

"స్టీరింగు పట్టుకో టీచరమ్మా! నేర్పించినోని పరువు తీస్తావా!" అని డ్రైవర్ సార్ అరిచాడు. ఆ తరువాత, అరవాల్సిన పని లేదని ముందు గమనించింది ఆయనే. మామూలు గొంతుతో, ఇంట్లో మంచం మీద పడుకుని మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. "గద్ద తిరుగుతాంది. ఒకటి గాదు, రెండు. ఇంగ చింత చెట్లు వస్తాయి సూడు... ఆ, వచ్చె." పడుకునే, ఆకాశాన్ని బట్టి, మేము ఏ ఊరి దగ్గరున్నామో ఆయన చెబుతూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు. ఎన్నో ఏళ్ళు బస్సు నడిపిన దారి అది. టీచరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నడిపింది.

ఆయన లేచి నడవలేదు. అలా జరిగిందని రాస్తే ఆమెకే నచ్చదు. కానీ కసరత్తు మానలేదు. కొన్నాళ్ళకు దిండు ఆనుకుని కూర్చున్నాడు, ఆ తరువాత చక్రాల కుర్చీలో తనంతట తాను వీధి చివరిదాకా పోయివచ్చాడు. వ్యానులో మాత్రం పడుకునే వస్తానని పట్టుబట్టేవాడు.

కబురు పాకి, పత్తికొండ నుంచి కోసిగి నుంచి కూడా జనం వచ్చారు. సన్‌రూఫు ఉన్న కార్లకు నా దగ్గర పళ్ళ పట్టీ వేయించుకునేవారు. ప్రతి బండికీ ఎత్తు వేరు, కోత వేరు. కుదరకపోతే టీచరమ్మకు ఫోను చేసేవాణ్ణి. వచ్చి వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేది. ఎవరైనా పిల్లల్ని కిటికీలోంచి బయటికి నిలబెట్టి తిప్పుతామంటే మాత్రం ఊరుకునేది కాదు. "అది తల బయట పెట్టేదానికి గాదప్పా, ఆకాశాన్ని లోపలికి తెచ్చుకునేదానికి!" ఈ మాట నా షెడ్డు గోడ మీద రాయించాను. ఆమె చూసి, "నేనేమన్నా దేశనాయకురాలినా, తుడిపెయ్" అంది. తుడపలేదు.

పోయే ముందు వారం కూడా వచ్చింది. గాజు మూస్తే పట్టీ దానంతట అది పడుకోవాలి, తెరిస్తే లేవాలి, స్ప్రింగు పెట్టి చూద్దాం అంది. రెండు రకాల స్ప్రింగులు బల్ల మీద పెట్టి, ఏది ముందు చూడాలని నాతో వాదించింది. నాకు చదువు చెప్పిన మనిషి, నన్ను సాటి మనిషిగా పెట్టుకుని వాదించేది. దానికంటే నాకు దక్కిన గౌరవం వేరే లేదు. మొన్న ఆమె చెప్పిన స్ప్రింగు పెట్టి చూశాను. పట్టీ టక్కున లేచింది. షెడ్డులో ఒక్కణ్ణే గట్టిగా అరిచాను.

దినాలు అయ్యాక డ్రైవర్ సార్ నన్ను పిలిచాడు. "ఆదోనికి పోవాల. తీసుకపోతావా?" పడుకోబెట్టి, టీచరమ్మ సీట్లో నేను కూర్చున్నాను. గాజు తెరవాలా అని అడగలేదు, తెరిచాను. ఊరు దాటాక వేగం పెంచాను. ఒక చోట ముందు పత్తి లోడు ట్రాక్టరు పోతోంది. గాలికి దాని మీదనుంచి దూది లేచి మా మీదికి వస్తోంది. మూసెయ్యబోయాను.

"ఉండనీప్పా" అన్నాడు.

దూది పింజలు పైకప్పు మీదుగా వచ్చి, పట్టీ దగ్గర లేచి, కిటికీ మీదనుంచి ఎగిరి వెనక్కి పోతున్నాయి. ఆయన ఒక్కో పింజనూ తల తిప్పి చూస్తున్నాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను బాగా నిదానించాను. అప్పుడు ఒక పింజ ఎగరలేక మెల్లగా లోపలికి దిగి, ఆయన చొక్కా మీద వాలింది. అద్దంలో చూశాను. ఆయన దాన్ని దులుపుకోలేదు.