మొగులయ్య చెప్పే తొవ్వ

అఫ్జల్‌గంజ్‌లో మొగులయ్యకు తెలియని సందు లేదు. అయినా దగ్గరి దారి మాత్రం జన్మలో ఎవరికీ చెప్పలేదు. రోడ్డు దాటితే వచ్చే బస్టాపుకు కూడా బేగంబజార్ మీదుగా పంపే మనిషి. తన హెడ్‌లైట్ల కొట్టు ముందు స్టూలేసుకుని, అడిగినవాడికీ అడగనివాడికీ దారి చెబుతుంటాడు.

"మా పెండ్లికి బ్యాండోళ్లకు ఈయననే తొవ్వ చెప్పిండు. తలంబ్రాలయినంక వచ్చిన్రు," అంటుంది భార్య.

అలాంటివాణ్ని స్పేర్‌పార్ట్స్ వ్యాపారుల సంఘం తన ఎగ్జిబిషన్‌లో ముందు గేటు పక్క విచారణ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇంకెవరూ ఖాళీగా లేరు మరి. ఒకప్పుడు సంఘమంతా ఇరానీ హోటల్లో ఒక్క బల్లకు సరిపోయేది. ఇప్పుడు మైదానం నిండా స్టాళ్లు. ముందు వరుస పెద్ద కంపెనీలు పట్టేశాయి. కొత్తగా చేరిన చిన్నవాళ్లకు జనరేటర్ వెనుక సందు దక్కింది.

మాదన్నపేటలో సీటు కవర్లు కుట్టే రాజమణి, కార్యదర్శి జగదీశ్వర్ మాట నమ్మి అక్కడ స్టాలు తీసుకుంది. మధ్యాహ్నమైనా అటు కాకి కూడా వాలలేదు.

"జగదీశన్నా, పొద్దుగూకే దాక చూస్త. గిట్లనే ఉంటే సర్దుకొని పోత. మల్ల సంఘమని నా ఇంటికి రాకు," అందామె.

చిన్నవాళ్లు పోతే సంఘానికి మిగిలేది బ్యానరే.

అంతలో ఫిర్యాదులు మొదలయ్యాయి. "మంచినీళ్లేడ అంటే జనరేటర్ ఎనుకకు తోలిండేంది?" అన్నాడొకాయన. చంకలో సీటు కవర్లున్నాయి.

టైర్ల కంపెనీ మేనేజరు భరద్వాజ్ అయితే ఆయాసపడుతూ వచ్చాడు. "బాత్‌రూమ్ ఎక్కడండీ అంటే మైదానమంతా తిప్పాడండీ. అర్జంటన్నా వినలేదు." అంత అర్జంటులోనూ కారు అద్దాలకు కట్టే తెరలు రెండు కొన్నాడు.

జగదీశ్వర్ పరుగెత్తాడు. "అన్నా, నీళ్లు నీ ఎనుకనే ఉన్నయి గద?"

"ఉంటే? గీడ్నే తాగితే గిట్లనే పోతడు. అటు తిరిగొస్తె రాజమణికి బోణీ అయితది. రోడ్డు మీదోళ్లకు గిరాకీ దానంతటదే వస్తది. లోపటోళ్ల కాడికి ఎవరు పంపాలె?"

జగదీశ్వర్‌కు పాత సంగతి గుర్తొచ్చింది. ఏళ్ల కిందట అఫ్జల్‌గంజ్ సందు చివర తను కొట్టు తెరిచిన రోజు చెమటలు కక్కుతూ వచ్చిన మొదటి గిరాకీ కూడా బస్టాపు కోసం బయలుదేరినవాడే. మొగులయ్య మీద ప్రేమ ముంచుకొచ్చింది.

పొద్దుగూకేసరికి రాజమణి దగ్గర అమ్మడానికి ఒక్క కవరు మిగలలేదు. ఆమె ఎక్కడికీ పోలేదు.

మరుసటేడు స్టాళ్లు పంచేటప్పుడు పెద్ద లొల్లి. అందరికీ జనరేటర్ సందే కావాలట.

"ముందు వరుస ఎవ్వరు అడుగుతలేరన్నా. ఏం జేద్దాం?" అన్నాడు జగదీశ్వర్.

"ఫికర్ ఎందుకు?" అన్నాడు మొగులయ్య. "ఈసారి ఎనుక గేటు కాడ నా కుర్చీ ఎయ్యి."